చిత్రకారుల వెంట – 7: ఫిరంగి వెళ్ళిన దారిలో కుంచె

1792 ఏప్రిల్ 9న మద్రాసు నుంచి ఒక చిన్న బిడారు పడమటి దారి పట్టింది. పల్లకీలు, బోయీలు, గుడారాలు మోసే ఎడ్లు... దొరల ప్రయాణమంటే అప్పట్లో మామూలుగా కనిపించే హంగే. కానీ ఈ పల్లకీల్లో కూర్చున్న ఇద్దరూ కలెక్టర్లు కారు, వర్తకులు కారు. ఒకాయనకి నలభై దాటాయి, పేరు థామస్ డేనియల్. రెండో అతను అన్నకొడుకు విలియం, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కుర్రాడు. వాళ్ళ సామానులో విలువైన వస్తువులంటే కాగితాల కట్టలు, రంగులు, ఒక చీకటి పెట్టె.

శ్రీరంగపట్నం సంధి కుదిరి అప్పటికి మూడు వారాలే అయింది. టిప్పు సుల్తాన్ సగం రాజ్యం వదులుకున్నాడు. 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టడానికి ఒప్పుకున్నాడు. ఆ డబ్బుకి పూచీగా ఇద్దరు కొడుకుల్ని గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ శిబిరానికి పంపాడు. మద్రాసులో, కలకత్తాలో, లండన్‌లో ఇంగ్లీషువాళ్ళ నోట అవే ఊళ్ళ పేర్లు: బెంగళూరు, హోసూరు, కృష్ణగిరి, శంకరీదుర్గం. ఆ పేర్లు విన్న ప్రతివాడికీ అవి చూడటానికి ఎలా ఉంటాయో తెలుసుకోవాలని ఉంది. డేనియల్స్ బయల్దేరింది ఆ పేర్ల వెంటే.

కిందటి భాగంలో చెప్పుకున్న విలియం హాడ్జెస్ పాఠకులకి గుర్తుండే ఉంటాడు. కెప్టెన్ కుక్‌తో కలిసి పసిఫిక్ దీవులన్నీ తిరిగి వచ్చిన ఆ చిత్రకారుడు 1780లో ఇదే మద్రాసులో దిగాడు. దేశంలోపలికి వెళ్ళి గుళ్ళూ గోపురాలూ గీయాలన్నది ఆయన కోరిక. ఆ ఏడాదే హైదరలీ సైన్యం కర్ణాటక మైదానం మీద విరుచుకుపడింది. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ దళం తుడిచిపెట్టుకుపోయింది. పల్లెల జనమంతా ప్రాణాలు అరచేత పట్టుకుని మద్రాసులోకి వచ్చిపడుతుంటే హాడ్జెస్ కోట పరిసరాలు దాటలేక, చివరికి కలకత్తా ఓడెక్కాడు. దక్షిణాదిలో ఆయన చూసిందల్లా మద్రాసు చుట్టుపక్కలే.

పన్నెండేళ్ళ తేడాతో అదే ఊరు, అదే దారి. హాడ్జెస్‌కి మూసుకుపోయిన ఆ దారిని డేనియల్స్‌కి తెరిచింది కారన్‌వాలిస్ ఫిరంగులు. మన దేశాన్ని గీసిన తెల్ల చిత్రకారుల కథ చెప్పేవాళ్ళు కాంతి గురించీ ప్రకృతి సౌందర్యం గురించీ బోలెడు రాస్తారు. ఈ చిన్న సంగతి మాత్రం చాలాసార్లు జారిపోతుంది. కుంచె ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించింది చాలా మట్టుకు సైన్యమే.

థామస్ డేనియల్ 1749లో లండన్ దగ్గర కింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి సత్రం నడిపేవాడు. కుర్రాడు మొదట నేర్చుకున్న విద్య గుర్రబ్బండ్ల మీద రంగులు, కులచిహ్నాలు వేయడం. ఆ తర్వాత రాయల్ అకాడమీ పాఠశాలలో చేరాడు గానీ లండన్‌లో ప్రకృతి దృశ్యాలు గీసే చిత్రకారులు కొల్లలు, కొనేవాళ్ళు కొద్దిమంది. 1784లో కుంఫిణీకి అర్జీ పెట్టుకుని, చిత్రాలు చెక్కే పనివాడిగా బెంగాల్ వెళ్ళడానికి అనుమతి సంపాదించాడు. వెంట తీసుకెళ్ళిన విలియంకి అప్పటికి పదిహేనేళ్ళు. 1785 ఏప్రిల్‌లో ఓడెక్కి, చైనా చుట్టి, 1786 మొదట్లో కలకత్తా చేరారు.

కలకత్తాలో వాళ్ళు మొదట చేపట్టింది ఆ ఊరి దృశ్యాలు పన్నెండు అచ్చేయడం. ఇంగ్లండులో అయితే ఒకడు గీస్తాడు, ఒకడు రాగి రేకు చెక్కుతాడు, ఇంకొకడు అచ్చు తీస్తాడు. ఇక్కడ అన్నీ తామే అయ్యారు. రేకు నున్నగా చేయడం దగ్గర్నుంచి సిరా పట్టించేదాకా స్థానిక పనివాళ్ళని పక్కన పెట్టుకుని, తప్పులు చేస్తూ, ఆ విద్య నేర్చుకున్నారు. 1788 నాటికి పని పూర్తయింది. బొమ్మల్లో కొంచెం మోటుదనం ఉంది గానీ అమ్ముడుపోయాయి. అప్పటికి కలకత్తా దొరలకి కావలసింది తమ మేడలు, తమ వీధులు బొమ్మలో చూసుకోవడం. ఇంటికి పంపి గొప్ప చెప్పుకోవడానికి అంతకన్నా ఏం కావాలి!

ఆ డబ్బుతో 1788 నుంచి 1791 దాకా గంగ వెంట ఎగువకి వెళ్ళారు. ఆగ్రా, ఢిల్లీ, మథుర, హిమాలయాల్లో గఢ్వాల్ శ్రీనగర్, లక్నో, కాశీ, ససరాం... ఆ యాత్ర ఒక్కటే ఒక పుస్తకానికి సరిపడేంత ఉంది. మన దారి దక్షిణానికి కాబట్టి ఒక్క ముచ్చట చెప్పి ముందుకు సాగుదాం. హాడ్జెస్ అచ్చేసిన దృశ్యాలు వాళ్ళ వెంటే ఉండేవి. అసలు కట్టడం ఎదుట నిలబడి, చేతిలో హాడ్జెస్ బొమ్మ పట్టుకుని పోల్చి చూసేవాళ్ళు. ఇక్కడ తోరణం తప్పు, అక్కడ కొలత తప్పు అని విలియం తన దినచర్య పుస్తకంలో రాసుకునేవాడు. ముందు నడిచినవాడి మీద వెనక వచ్చినవాళ్ళ చిన్నచూపు సహజమే. అయితే అందులో అన్యాయమూ కొంత ఉంది. హాడ్జెస్ గీసింది తన కళ్ళ ముందు కదిలిన వెలుగుని. డేనియల్స్ గీసింది రాతిని. కట్టడాల చరిత్ర రాసేవాడికి డేనియల్స్ పనికొస్తారు. బొమ్మగా మాత్రం హాడ్జెస్ చిత్రాల ముందే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది.

దక్షిణ యాత్రకి డబ్బు లాటరీలో వచ్చింది. ఉత్తరాది యాత్రలో గీసిన తైలవర్ణ చిత్రాలు 150 దాకా పందెం పెట్టి, కలకత్తాలో టిక్కెట్లు అమ్మారు. ఆ సొమ్ముతో 1792 మార్చిలో మద్రాసుకి ఓడెక్కారు.

ఓడెక్కారు అన్న మాట దగ్గర తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. కలకత్తా నుంచి మద్రాసుకి నేల మీద రావాలంటే గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం దాటి రావాలి. ఆ ఉత్తర సర్కారులు కుంఫిణీ చేతికొచ్చి అప్పటికి పాతికేళ్ళు. మచిలీపట్నంలో కుంఫిణీ కొఠీ వెలిసి నూట ఎనభై ఏళ్ళు. అయినా డేనియల్స్ ఆ తీరంలో ఆగి గీయలేదు. తర్వాత అచ్చయిన వాళ్ళ 144 దృశ్యాల్లో కృష్ణా గోదావరి డెల్టాల నుంచి ఒక్కటీ లేదు. సముద్ర మార్గం త్వరగా గమ్యం చేరుస్తుందన్నది ఒక కారణం. ఆ తీరంలో కొత్త యుద్ధమేదీ జరగలేదన్నది రెండో కారణం అనిపిస్తుంది. లండన్‌లో రాజమహేంద్రవరం బొమ్మ కొనేదెవరు?

యుద్ధం లేకపోయినా ఆ తీరంలో కరువు ఉంది. 1790, 92 మధ్య ఉత్తర సర్కారుల్లో వేలకి వేలమంది ఆకలితో చనిపోయారు. నిజాం రాజ్యంలోనూ దక్కనులోనూ ఆ కరువుకి జనం పెట్టుకున్న పేరు పుర్రెల కరువు. పూడ్చడానికి మనుషులు లేక ఎముకలు దారుల పక్కన తెల్లబారాయని ఆ పేరు. ఆ తీరం పక్కనుంచే తెరచాప ఎత్తిన ఓడలో ఇద్దరు చిత్రకారులు దక్షిణానికి వెళ్ళిపోయారు.

మద్రాసు నుంచి బయల్దేరిన బిడారు వేసవి ఎండల్లో కనుమలెక్కి బెంగళూరు చేరింది. అక్కణ్ణించి హోసూరు, రాయకోట, కృష్ణగిరి మీదుగా బారామహల్‌లోకి దిగింది. ఈనాటి కృష్ణగిరి, ధర్మపురి, సేలం ప్రాంతమంతా బారామహలే. సంధితో అప్పుడే కుంఫిణీ చేతికొచ్చిన సీమ అది. అక్కడి పాలన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌కి అప్పగించారు. రీడ్ కింద పనిచేసిన సహాయకుల్లో థామస్ మన్రో ఒకడు. దత్తమండలాల రైతులు ఆ తర్వాత తరతరాలు చెప్పుకున్న మన్రో దొర ఇతనే. శిస్తు లెక్కల ఓనమాలు అతను దిద్దుకుంది ఈ బారామహల్‌లోనే.

ఈ భాగంలో డేనియల్స్ గీసినవి ఎక్కువగా కొండకోటలు. చదును నేల మీద ఉన్నట్టుండి లేచిన నల్లరాతి గుట్ట, దాని నెత్తిన గోడ, నడుమ మెట్లదారి. ఆ బొమ్మల్ని ఎవరైనా అందమైన దృశ్యాలుగానే చూస్తారు. అయితే ఏడాది ముందు అవే కొండల్ని సైనికాధికారులు గీశారు. రాబర్ట్ కోల్‌బ్రూక్ 1793లో, అలెగ్జాండర్ అలన్ 1794లో మైసూరు దేశపు దృశ్యాల సంపుటాలు అచ్చేశారు. ఇద్దరూ యుద్ధంలో పాల్గొన్నవాళ్ళే. కారన్‌వాలిస్ సైన్యం వెంట తిరిగిన రాబర్ట్ హోం వృత్తిరీత్యా చిత్రకారుడు. అతని సంపుటం కూడా 1794లోనే వెలువడింది. సైనికుడికి బొమ్మ గీయడం సరదా పని కాదు. ఇంగ్లండులో వూలిచ్ సైనిక విద్యాలయంలో చిత్రలేఖనం పాఠ్యాంశం. పాల్ శాండ్‌బీ అంతటి పేరున్న చిత్రకారుడు అక్కడ పాతికేళ్ళకి పైగా గురువుగా ఉన్నాడు. కొండ ఎంత ఎత్తు, ఎటువైపు వాలు, నిచ్చెన ఎక్కడ వేయవచ్చు, తోపు ఎక్కడ నిలపవచ్చు అన్నవి కాగితం మీద పెట్టగలవాడే మంచి అధికారి. డేనియల్స్ చూసిన కోణాలు చాలామట్టుకు ఆ సైనికులు ముందే చూసినవి. తేడా ఏమిటంటే డేనియల్స్ కొండ ముందు ఒక చెట్టు పెట్టారు, చెట్టు కింద బాటసారుల్ని కూర్చోబెట్టారు.

ఆ చెట్టు, ఆ బాటసారులు ఎక్కడివో చెప్పుకోవాలి. ఆ కాలపు ఇంగ్లండులో ప్రకృతి దృశ్యానికి ఒక లెక్క ఉండేది. విలియం గిల్పిన్ అనే పాదిరీ రాసిన యాత్రా గ్రంథాలు ఆ లెక్కని ఇంటింటికీ చేర్చాయి. దగ్గరగా ముదురు గోధుమరంగు నేల, పక్కన వంకర చెట్టు, నడుమ నీళ్ళు లేదా శిథిలం, దూరాన లేత నీలం కొండలు. మనుషులు చిన్నగా ఉండాలి, మరీ పనిలో మునిగి ఉండకూడదు. చెక్కుచెదరని మేడకన్నా పగిలిన గోడ మిన్న. ఈ చట్రం పట్టుకుని వచ్చినవాళ్ళకి దక్షిణాది దేవాలయం ఇబ్బంది పెట్టి ఉంటుంది. గుడి అంటే ఇక్కడ జనం, నూనె దీపాలు, పూల అంగళ్ళు, ప్రాకారంలో కట్టేసిన ఏనుగు. అది శిథిలం కాదు, నిత్యం నడిచే సంస్థ. అందుకే కాబోలు, వాళ్ళ బొమ్మల్లో గోపురాలు చాలాసార్లు దూరం నుంచి, చెట్ల సందుల్లోంచి, జనం పలచబడిన పూటలా కనిపిస్తాయి.

ఇక ఆ చీకటి పెట్టె సంగతి. దాని పేరు కెమెరా అబ్‌స్క్యూరా. పెట్టెకి ఒక వైపు కటకం, లోపల ఏటవాలుగా అద్దం. బయటి దృశ్యం కటకంలోంచి దూరి, అద్దం మీద పడి, పైన పరిచిన కాగితం మీద వెలుగు బొమ్మగా తేలుతుంది. నల్ల గుడ్డ కప్పుకుని ఆ వెలుగు గీతల మీదే పెన్సిలు నడిపితే చాలు. గోపురంలో ఏ అంతస్తు ఎంత, స్తంభానికీ స్తంభానికీ నడుమ ఎడమెంత అనేవి కంటి అంచనా తప్పినా పెట్టె తప్పదు. బాబాయి పెట్టెతో గీతలు తీస్తుంటే అబ్బాయి నీడలు, రంగులు గుర్తు పెట్టుకునేవాడు. అయితే పెట్టె ఎంత నిజాయితీగా పనిచేసినా, దాన్ని ఏ మూల పెట్టాలో తేల్చేది మనిషి. చెత్తకుప్పా సిపాయిల గుడారాలూ చట్రంలో పడకుండా నాలుగడుగులు పక్కకి జరపడం పెద్ద పనేం కాదు.

దిండిగల్లు దాటి మధుర చేరాక వాళ్ళ చేతికి అసలు పని దొరికింది. మధుర మనకి పరాయి ఊరు కాదు. విజయనగరం నుంచి వెళ్ళిన నాయకుల రాజధాని అది. వాళ్ళ కొలువులో తెలుగు కావ్యాలు వెలిశాయి, వాళ్ళ సైన్యం వెంట వెళ్ళిన కుటుంబాల వారసులు ఈనాటికీ ఆ జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఆ వంశంలో మేటి తిరుమల నాయకుడు. 1623 నుంచి 1659 దాకా ఏలాడు. మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా ఆయన కట్టించిన వసంత మండపాన్నే పుదుమండపం అంటారు. దొరలకి నాయకుడి పేరు నోరు తిరగక ‘ట్రీమల్ నాయిగ్ చౌల్ట్రీ’ అని రాసుకున్నారు.

డేనియల్స్ చూపించింది ఆ మండపం లోపలి భాగాన్ని. రెండు వైపులా బారులు తీరిన రాతి స్తంభాలు, వాటిలోంచి ముందుకు దూకుతున్నట్టు యాళులు, ఇంకొన్ని స్తంభాలకి ఆనుకుని చేతులు జోడించి నిలబడ్డ నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు. తిరుమల నాయకుడూ ఆయన రాణులూ ఆ బారులోనే ఉన్నారు. బొజ్జ, బిగువైన దట్టీ, మెడలో హారాలతో ఆ విగ్రహం ఇప్పటికీ గుర్తుపట్టేలా ఉంటుంది. డేనియల్స్ ముద్రణలో మండపం గంభీరంగా, విశాలంగా, చల్లగా కనిపిస్తుంది. మొన్నమొన్నటి దాకా అక్కడికి వెళ్ళినవాళ్ళకి ఆ విశాలత అంత తేలిగ్గా తెలిసేది కాదు. స్తంభాల మధ్య దర్జీల కుట్టుమిషన్లు, గాజులు, పుస్తకాలు, ఇత్తడి సామాను అమ్మే అంగళ్ళు ఉండేవి. రాజు పాదాల దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు. మన కట్టడాలతో మనం బతికే తీరు అది. డేనియల్స్ చట్రంలో దానికి చోటు దొరకదు.

అదే ఊళ్ళో తిరుమల నాయకుడి మహలు కూడా గీశారు. ఆ బొమ్మ సాక్ష్యంగా ఇంకా విలువైనది. మహల్లో చాలా భాగాన్ని ఆయన మనవడు చొక్కనాథుడే విప్పించి, కలపా రాయీ తిరుచిరాపల్లికి తరలించాడు. మిగిలింది వానకి నానుతూ ఎండకి పగులుతూ ఉంది. డేనియల్స్ చూసింది పెచ్చులూడిన ఆ తోరణాల్నీ, పెరిగిన పిచ్చిమొక్కల్నీ. ఆ తర్వాత మద్రాసు గవర్నరు లార్డ్ నేపియర్ హయాంలో ఆ మహలుకి పెద్ద ఎత్తున మరమ్మతులు మొదలయ్యాయి. నేడు టిక్కెట్టు కొనుక్కుని చూసే తెల్లని స్తంభాల మహల్లో నాయకుల నాటిది ఎంత, నేపియర్ నాటిది ఎంత అని తేల్చాలంటే చరిత్రకారులు ముందుగా వెతికే వాటిలో ఈ 1790ల బొమ్మలు ఉంటాయి. నడుమ మరో సాక్షి కూడా ఉంది. 1858లో లినియస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వం తరఫున పెద్ద కెమెరాతో మధుర వచ్చి గుడినీ మండపాన్నీ మహల్నీ ఫొటోలు తీశాడు. అప్పటి కాగితపు నెగెటివుకి చాలాసేపు వెలుతురు తగలాలి. ఆలోగా కదిలిన మనుషులు ఫొటోలో మాయమైపోతారు. ఒకరు అందం కోసం మనుషుల్ని తెచ్చిపెడితే, ఇంకొకరి యంత్రం ఉన్న మనుషుల్ని తుడిచేసింది. మధుర జనం మాత్రం రెండు చోట్లా సరిగ్గా పడలేదు.

అక్కణ్ణించి తామ్రపర్ణి ఒడ్డున పాపనాశం జలపాతం, కన్యాకుమారి, రామేశ్వరం, తంజావూరు పెద్ద గుడి, అక్కడి పెద్ద నంది, తిరుచిరాపల్లి కొండ... ఏడాది చివరికి మద్రాసు తిరిగొచ్చారు. 1793 జనవరిలో మహాబలిపురం చూశారు. మద్రాసులో మళ్ళీ ఒక లాటరీ వేసి, ఫిబ్రవరిలో బొంబాయి ఓడెక్కారు.

బొంబాయిలో జేమ్స్ వేల్స్ అనే స్కాట్లండు చిత్రకారుడు తోడయ్యాడు. ఎలిఫెంటా, కన్హేరీ గుహలు ముగ్గురూ కలిసి చూశారు. ఎల్లోరా గుహల్ని కొలిచి గీసే పెద్ద పని తర్వాత వేల్స్ నెత్తికెత్తుకుని, అది అచ్చు కాకుండానే 1795లో కన్నుమూశాడు. ఆ గీతల ఆధారంగా డేనియల్స్ తర్వాత 24 ఎల్లోరా దృశ్యాలు అచ్చేశారు. వేల్స్ దగ్గర పనిచేసిన పూనా చిత్రకారుడు గంగారాం తాంబట్ స్వయంగా ఎల్లోరాని అద్భుతంగా గీసినవాడు. ఆ చేతి గురించి పాఠ్యపుస్తకాలు ఇంకా చెప్పవు.

1794 సెప్టెంబరులో డేనియల్స్ ఇంగ్లండు చేరారు. అసలు శ్రమ ఆ తర్వాతే మొదలైంది. ఆక్వాటింట్ అనే ఆ అచ్చు విధానం ఓపికకి పరీక్ష. నున్నటి రాగి రేకు మీద గుగ్గిలం పొడిని సన్నగా చల్లి, కింది నుంచి వేడి తగిలిస్తే ఆ రేణువులు రేకుకి అతుక్కుంటాయి. రేకుని ఆమ్లంలో పెడితే రేణువుల సందుల్లో మాత్రమే అది రాగిని కొరుకుతుంది. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూసేస్తారు. రెండు నిమిషాలు ఉంచితే లేత మబ్బు నీడ, ఇంకాసేపు ఉంచితే గోపురం నీడ, మరీ ఎక్కువసేపు ఉంచితే గుహ లోపలి చీకటి. ప్రతి మెట్టులోనూ తీయడం, కడగడం, వార్నిష్ పూయడం, మళ్ళీ ముంచడం. కాస్త ఏమరితే నెల పని ఆమ్లం పాలవుతుంది. చివర్న సిరా పట్టించి అచ్చు తీసి, ఒక్కో కాగితానికీ చేత్తో నీటిరంగులు అద్దాలి. విలియం పొద్దున ఆరింటికి కూర్చుంటే అర్ధరాత్రి దాకా పనిలోనే ఉండేవాడని చెప్పుకునేవారు. 1795లో మొదలైన ‘ఓరియంటల్ సీనరీ’ 1808కి 144 దృశ్యాలతో ముగిసింది. పూర్తి సంపుటాల ధర 200 గిన్నీలు. మామూలు మనిషి కన్నెత్తి చూసే ధర కాదది. కొన్నవాళ్ళు ప్రభువులు, గ్రంథాలయాలు, ఈ దేశంలో సంపాదించి వెళ్ళిన కుంఫిణీ దొరలు.

అక్కణ్ణించి ఆ బొమ్మలు గోడల మీదకీ కప్పుల మీదకీ పాకాయి. ఫ్రాన్సులో జుబేర్ కంపెనీ 1807లో వీటి ఆధారంగా గోడకి అంటించే కాగితం తయారుచేసింది. ఇంగ్లండు కుమ్మరులు నీలం తెలుపు పింగాణీ పళ్ళేల మీద అచ్చొత్తారు. గ్లాస్టర్‌షైర్‌లో చార్లెస్ కాకరెల్ అనే మాజీ కుంఫిణీ ఉద్యోగి మొగలాయి గుమ్మటంతో సెజిన్‌కోట్ అనే భవంతి కట్టించుకుంటే, తోటలోని చిన్న గుడికి, వంతెనకి సలహాలిచ్చింది థామస్ డేనియలే. ఆ భవంతి చూసి ముచ్చటపడ్డ యువరాజు బ్రైటన్‌లో తన మహలుకి గుమ్మటాలు పెట్టించాడు. మన్రో ఇక్కడ దత్తమండలాల్లో శిస్తు కడుతున్న పొలాలు కొలిచిన ఆ కాలంలోనే, అక్కడ ఒక ఇంగ్లీషు పెద్దమనిషి తోటలో నందులు కొలువు తీరాయి.

తమ పని గురించి డేనియల్స్‌కి సంకోచం ఏమీ లేదు. 1810లో వేసిన ఒక పుస్తకంలో, చిత్రకారుడు ఒక దేశం నుంచి తీసుకెళ్ళేది అందాన్నే కాబట్టి దానివల్ల ఎవరికీ నష్టం లేదన్న ధోరణిలో రాసుకున్నారు. వాళ్ళ మట్టుకు అది నిజమే. విగ్రహాలు పెకలించలేదు, శాసనాలు ఓడెక్కించలేదు. కానీ వాళ్ళు చూపించిన దేశంలో కోటలన్నీ ఖాళీ, మహళ్ళన్నీ శిథిలం, జనం చెట్ల కింద తీరిగ్గా కూర్చున్నవాళ్ళు. ఆ బొమ్మ చూసిన లండన్ పాఠకుడికి, ఏలేవాడు లేక పడి ఉన్న దేశమది అనిపిస్తే అందులో ఆశ్చర్యం ఏముంది? పగలగొట్టిన ఫిరంగి ఏ బొమ్మలోనూ కనిపించదు కదా.

తెలుగు నేల సంగతికి వస్తే, ఇక్కడికి కుంచె కన్నా ముందు కొలబద్ద వచ్చింది. డేనియల్స్ లండన్‌లో రాగి రేకులతో కుస్తీ పడుతున్న కాలంలో, 1790ల చివర, సర్వేయరు కాలిన్ మెకంజీ కృష్ణ ఒడ్డున అమరావతికి వెళ్ళాడు. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తూ, దీపాలదిన్నె అనే పాత దిబ్బ నుంచి రాళ్ళు తీయిస్తున్నాడు. ఆ రాళ్ళ మీద ఏనుగులు, చక్రాలు, మనుషుల గుంపులు చెక్కి ఉన్నాయని కబురు. మెకంజీ చూసి రాసిన సంగతులు 1807లో కలకత్తాలో అచ్చయ్యాయి. 1816లో మద్రాసు సర్వే బడిలో తయారైన చిత్రలేఖకుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు. అప్పటికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేశారు. మిగిలిన ప్రతి ఫలకాన్నీ కొలిచి, స్కేలు వేసి, ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టి గీయించాడు.

ఆ గీతల్లో వంకర చెట్టు లేదు, నీలం కొండలు లేవు, బాటసారులు లేరు. ఎవరి గోడకీ అలంకారంగా పనికిరావు. చరిత్రకి మాత్రం ‘ఓరియంటల్ సీనరీ’ మొత్తం కన్నా ఇవే బరువైనవన్నది ఈ రచయిత అభిప్రాయం. ఎందుకంటే మెకంజీ మనుషులు గీసిన అమరావతి ఫలకాల్లో కొన్ని ఆ తర్వాత కనిపించకుండా పోయాయి. సున్నం బట్టీల్లో కాలినవి ఎన్నో, గోడల్లో కలిసినవి ఎన్నో. ఆ పోయిన శిల్పాలకి మిగిలిన ఆనవాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ ఆల్బమే.

1816లోనే థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో మెకంజీ రూపచిత్రం వేశాడు. ఎర్రకోటు తొడుక్కున్న దొర ముందు, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో దుర్భిణి ఉంది. ఇంకొకరిని ఏలూరు నుంచి వెళ్ళిన నియోగి, కావలి లక్ష్మయ్యగా చరిత్రకారులు గుర్తించారు. ఆయన అన్న బొర్రయ్య అప్పటికి పదమూడేళ్ళ కిందటే చిన్న వయసులో పోయాడు. తెలుగు కైఫీయతులుగా మన చేతికొచ్చిన ఊరూరి చరిత్రలు పోగుచేసింది ఈ అన్నదమ్ములూ, వాళ్ళు నడిపిన గుమాస్తాలూ. వాళ్ళ కథ వచ్చే సంచికలో.